అరపిక్క దూరం

మా మామగారు ముసలయ్య ఆరు చింతపిక్కలు వేశారు కాబట్టి మా వీధిలో నలభై ఇళ్ళూ ఆరేసి పిక్కలే వేశాయి. గొడవంతా అక్కడే మొదలైంది.

బాగ్‌బేరాలో మా వీధి మీదుగా కొత్త రోడ్డు పడుతోంది. ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. బదులుగా మూడు చోట్లలో ఏదో ఒక చోట అందరికీ కలిపి ఇళ్ళిస్తామన్నారు. ఒకటి ఖర్కాయి ఏటి ఒడ్డున ఖాళీ జాగా, ఇక్కడ మా పనుల్లోకి నడిచి వచ్చేంత దగ్గర. రెండోది గమ్హరియా పక్కన మెరక మీద కట్టిన ఫ్లాట్లు, రెండు ఆటోలు మారితే గాని ఇటు రాలేం. మూడోది ఆదిత్యపూర్ వెనక ఎక్కడో ఉంది, దాని గురించి మంచీ చెడ్డా ఎవరూ చెప్పినట్టు లేదు.

మీకేది ముఖ్యమో మీరే చెప్పండి, దాన్నిబట్టి మూడింటికీ వరస కడతాం అంటూ సర్వే కంపెనీ నుంచి రాజ్‌కిరణ్ అనే కుర్రాడు వచ్చాడు. బరంపురం వైపు తెలుగువాడు, మాట మెత్తన. అమ్మవారి గుడి అరుగు మీద అయిదు గిన్నెలు వరసగా పెట్టాడు. పని దగ్గరగా ఉండడం ఒక గిన్నె, బడి ఒకటి, ఆసుపత్రి ఒకటి, మంచినీళ్ళు ఒకటి, వరద రాని మెరక ఆఖరుది. ఇంటికి పది పిక్కలు. ఏది ఎక్కువ కావాలో దాంట్లో ఎక్కువ వెయ్యమన్నాడు.

మర్యాద తెలిసినవాడు కదా, పిక్కలు ముందు పెద్దాయన చేతికిచ్చాడు. ఆ మర్యాదే కొంప ముంచింది. మా వీధిలో పండగ వంట దించగానే ఉప్పు చాలిందో లేదో ముందు మా మామగారు చెప్పాలి. ఆయన చాలిందంటే చప్పిడి పప్పు కూడా కమ్మగా ఉన్నట్టే, నోరెత్తి ఉప్పడిగినవాడు లేడు. అలాంటి పెద్దాయన పని గిన్నెలో ఆరు పిక్కలు వేసి, మిగతా నాలుగింట్లో ఒక్కొక్కటి వేశారు. ఏ గిన్నే ఉత్తిగా వదలకూడదు మాకు, అశుభం. ఆయన వెనక లైను కట్టిన వాళ్ళంతా చూసి అలాగే వేశారు. మామగారిదీ మాదీ గోడ ఒకటే అయినా రేషన్ కార్డులు వేరు, కాబట్టి మా ఇంటి పిక్కలు నేను వేశాను. మనసులో ఒకటుంది. చేత్తో మాత్రం ఆరే వేశాను.

మనసులో ఉన్నది మా అత్తగారు చిలకమ్మ. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మంచం మీంచి కుర్చీలోకి మార్చాలన్నా ఇద్దరు పట్టాలి. పిక్కలు వేసిన మర్నాడు నేను వెళ్ళి ఆ ఒడ్డు జాగా చూసొచ్చాను. నిరుడు వరదలో కొట్టుకొచ్చిన పాలిథిన్ సంచులు తుమ్మకొమ్మలకి ఇంకా వేలాడుతున్నాయి, నా తల కంటే ఎత్తున. అన్ని నీళ్ళు మళ్ళీ వస్తే కాళ్ళున్నవాళ్ళం పరిగెడతాం. మంచాన్నున్న మనిషి మాటేమిటి? ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు. ఎవరితో చెప్పను? మా ఆయన అప్పలరాజుతో చెబితే, "మా అయ్య ఏసినాక నీదేటే మళ్ళీ" అన్నాడు.

సంతకాల రోజు రానే వచ్చింది. పొద్దుట్నించి ఒకటే వాన. మధ్యాహ్నం ఆఫీసు నుంచి సాబ్ వస్తాడు, వీధి తరఫున మా మామగారు కాగితం మీద సంతకం పెడతారు, ఆ పైన మారేది లేదు. ఈ రోజు తేలకపోతే ఫ్లాట్లూ జాగాలూ పక్క బస్తీకి పోతాయని ముందే చెప్పారు. నేను నా కుట్టు దుకాణం తలుపు తీసి కూర్చున్నానే గాని కుట్టిన ప్రతి జాకెట్టు చెయ్యీ మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

అప్పుడు స్కూటీ మీద తడిసి ముద్దయి దిగింది ఉమామహేశ్వరి. మా ఆడపడుచు కూతురు. రాజ్‌కిరణ్ పని చేసే కంపెనీలోనే లెక్కలు చూస్తుంది.

"అత్తా, ఫస్ట్ వచ్చింది ఏ జాగానో తెలుసా?"

"ఒడ్డు జాగా. తెలీకేటి. ఆరు పిక్కలూ అటేపే ఏసినాం కదా."

"ఎంతలో వచ్చిందో తెలుసా? ఆధా. అరపిక్క." లాప్‌టాప్ సంచి కుట్టుమిషను మీద పెట్టి తల తుడుచుకుంది. "పని గిన్నెలో ఆరు బదులు అయిదు పడితే గమ్హరియా ఫస్ట్ వచ్చేస్తుంది. సిర్ఫ్ ఏక్ దానా, అత్తా. నలభై ఇళ్ళు ఒక్క గింజ మీద కూర్చున్నాయి."

అంత కొంచెంలో పోయిందా అని కోపం వచ్చింది. "మరి ఆ సర్వే బాబుతో సెప్పలేదేటి నువ్వు?"

"రాత్రే చెప్పాను. రిపోర్టులో ఫస్ట్, సెకండ్, థర్డ్ అని మూడు ముక్కలు రాస్తే చాలట. ఎంత తేడాలో వచ్చిందో చూపించే బొమ్మ అక్కర్లేదంట."

ఇద్దరం గుడి అరుగు దగ్గరికి వెళ్ళాం. టార్పాలిన్ కింద వీధంతా చేరింది. మా మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యలో కూర్చున్నారు. రాజ్‌కిరణ్ కాగితాలు తడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉమని చూసి అతని మొహం మాడింది.

"నలభై ఇళ్ళూ ఒక్క మాట మీదున్నాయి" అన్నాడు అందరికీ వినపడేలా. "నేను తిరిగిన బస్తీల్లో ఇంత గట్టి రిజల్టు ఎక్కడా రాలేదు. దీన్ని ఇప్పుడు కెలకొద్దు."

"గట్టి కాదు సార్. ఒకే పది పిక్కల్ని నలభై సార్లు లెక్కపెట్టాం" అంది ఉమ.

ఆ మాటకి నలుగురు తలలు తిప్పి మా మామగారి వైపు చూశారు. ఉమ లాప్‌టాప్ తెరిచి గీతలు చూపించింది. అందరూ వంగి చూసి ఆహా అన్నారు. మా పక్కింటి వరహాలు అందరికంటే గట్టిగా తలాడించింది. అర్థం కానప్పుడు మా వాళ్ళు తల ఎక్కువ ఆడిస్తారు. ఉమకి అది తెలుసు, అది కూడా ఈ వీధి ఎత్తుకు పెంచిన పిల్లే. లాప్‌టాప్ మూసేసి నా వైపు తిరిగింది.

"అత్తా, నీ దగ్గర మూడు రంగుల దారాలున్నాయా?"

దుకాణంలో దారాలకి కరువా. ఎరుపు, పచ్చ, పసుపు రీళ్ళు పట్టుకొచ్చాను. టార్పాలిన్‌ని నిలబెట్టిన రెండు వెదురు గుంజల మధ్య ఉమ ఆ దారాలు లాగి కట్టడం మొదలుపెట్టింది. ఎడమ గుంజ అంటే పనికి ఒక్క పిక్క కూడా వెయ్యనట్టు, కుడి గుంజ అంటే పదీ పనికే వేసేసినట్టు అని చెప్పింది. ఎరుపు దారం ఒడ్డు జాగా. పని ఒక్కటే చూసుకుంటే దానికి మార్కులెక్కువ కాబట్టి కుడి గుంజకి తల ఎత్తున కట్టింది, ఎడమ గుంజకి మోకాలి దగ్గర. పచ్చ దారం గమ్హరియా. పని వదిలేసి మిగతావి చూస్తే దానికే మార్కులెక్కువ కాబట్టి ఇంచుమించు తలకిందులు, ఎడమ పక్క తలకి కాస్త పైన, కుడి పక్క మోకాలికి కాస్త పైన. పసుపు దారం మూడో చోటు. రెండు పక్కలా నడుం దగ్గరే ఉంది, ఎక్కడా పైకి రాదు పాపం.

"ఎక్కడ ఏ దారం పైనుంటే అక్కడ ఆ జాగా ఫస్ట్" అని నా టైలరు స్కేలు తీసుకుని నిలువుగా పట్టుకుంది. కుడి గుంజ వైపు కొంచెం మొగ్గి ఒక చోట ఆపింది. "ఇది తాత వేసిన ఆరు. చూడండి."

చూశాం. ఎరుపు దారం పైనుంది. దాని కిందనే, నాలుగు వేళ్ళు పట్టేంత సందులో, పచ్చ దారం. ఉమ స్కేలుని జానెడు ఎడమకి జరిపింది. దారాలు రెండూ ఒకదాన్నొకటి దాటేసి పచ్చది పైకొచ్చింది. మళ్ళీ కుడికి తెచ్చింది, ఎరుపు. మళ్ళీ ఎడమకి, పచ్చ. ఎవరూ తల ఆడించలేదు. వరహాలు నోరు తెరుచుకుని దారాల కూడలి దగ్గరకెళ్ళి నిలబడింది.

"ఇంత లోనేటే?" అంది.

"ఇంతే పిన్నీ."

రాజ్‌కిరణ్ లేచాడు. "పిక్కలు మీరే వేశారు. ఆరు అంటే ఆరే. ఇప్పుడు స్కేలు జరిపితే ప్రతి బస్తీలోనూ జరుగుద్ది. ముసలయ్యగారూ, సాబ్ బయల్దేరేడంట, మీరు సంతకం పెట్టేయండి." పెన్ను మూత తీసి చాచాడు.

మా మామగారు దారాల వైపు చూస్తూనే పెన్ను అందుకున్నారు. ఖర్కాయి నీరు ఎక్కుతున్నాదంట, వంతెన కాడ జనం సూత్తన్నారంట అని వెనక ఎవరో అన్నారు. నాకు తుమ్మకొమ్మల మీద సంచులు కళ్ళ ముందు ఆడాయి. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మామగారి ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. గుమ్మం చాటునుంచో, అత్తగారి ద్వారానో. ఆ రోజు కాళ్ళు వాటంతటవే ముందుకెళ్ళాయి.

"మావా, ఆగు."

వీధంతా నా మొహంలోకి చూసింది. వరహాలు నా కొంగు పట్టుకు లాగి, "మావకి ఎదురు సెప్తావేటే, నీకేటైనా పట్టిందా" అంది మెల్లిగా.

"ఎదురు సెప్పట్లేదు. ఆ యేల నాను ఏసినవి నా పిక్కలు కావు మావా."

"మరెవరివమ్మా?" అన్నారాయన.

"నీవి. నువ్వు ఆరేసినావని నానూ ఆరేసినాను. నాకు పని అంత ముక్కెం కాదు. నాకు నీళ్ళంటే బయ్యం."

సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది, అయినా అక్కడే నిలబడ్డాను. ఏ క్షణాన కసురుతారో, మా ఆయనకి కబురెళ్ళి సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో అనుకున్నాను. మామగారు కసరలేదు. పెన్ను మోకాలి మీద పెట్టుకున్నారు.

"వరాలూ, నువ్వు ఎవరివి ఏసినావు?" అని అడిగారు.

వరహాలు నా కొంగు వదిలేసింది. "నీవే బాబూ. పెద్దోడివి, నీకు పని కాడే కావాల కావోసు అనుకున్నాం. నీ కోసమే ఏసినాం."

"నా కోసమా?" ఆయన నవ్వబోయారు గాని రాలేదు. "నా డూటీ ఎప్పుడో అయిపోనాది. నాకు పనేటి. కుర్రోళ్ళు పనికి దూరమైపోతే ఏటి తింతారని, మీ కోసం ఏసినాను నాను."

ఆయన మా కోసం వేశారు, మేం ఆయన కోసం వేశాం. నలభై ఇళ్ళలో ఒక్కరంటే ఒక్కరు తమ పిక్క తాము వెయ్యలేదు. ఇంత తెలివితక్కువ పని ఇంకే వీధైనా చేస్తుందా? మేం చేస్తాం. మర్యాద మాకు తిండి కంటే ఎక్కువ.

"మళ్ళీ వేద్దాం" అంది ఉమ. "కనపడకుండా. అత్త దుకాణంలో ట్రయల్ రూము పరదా ఉంది కదా, ఒక్కొక్కళ్ళే లోపలికెళ్ళి."

"టైము లేదు" అన్నాడు రాజ్‌కిరణ్. "సాబ్ వచ్చాక లైన్లో నిలబెడతారా?"

"నిలబెడతాం బాబూ" అన్నారు మామగారు. "వాన్లో వత్తన్నాడు, టీ తాగుతాడు. ఈ తడవ నాను ఆకర్ని ఏత్తాను."

గిన్నెలు మా ఇంట్లోవే తెచ్చాను. స్టీలుది, సత్తుది, ప్లాస్టిక్ డబ్బా, మట్టి మూకుడు. చివరిది మా అత్తగారు జావ తాగే ఇత్తడి గిన్నె, అది మెరకకి పెట్టాను. అన్నిటి మూతికీ గుడ్డ కట్టి పిక్క పట్టేంత చిల్లి చేశాను. పరదా వెనక ఇరుకు, గోడకి ఆనుకుని స్టూలు మీద నేను. వచ్చినవాళ్ళకి పది పిక్కలిచ్చి గోడకేసి తిరిగిపోవాలి. ఇత్తడి గిన్నె సరిగ్గా నా వీపు వెనకే వచ్చింది.

అలా ఒక్కొక్కళ్ళే వచ్చారు. కొంతమంది గబగబా వేసి వెళ్ళిపోయారు. కొంతమంది పిక్కలు గుప్పిట్లో ఆడిస్తూ చాలాసేపు నిలబడ్డారు. వరహాలైతే గొణుక్కుంటూ వేసింది, వేశాక పరదా ఎత్తబోయి ఆగి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. ఎవరు ఎందులో ఎన్ని వేశారో నేను పట్టించుకోలేదు. ఒకటి మాత్రం గమనించాను. అందరూ అయిదు గిన్నెల ముందూ ఆగుతున్నారు. ఏదీ ఖాళీగా వదలకూడదన్న భయం ఎక్కడికి పోతుంది? నేనూ అలాగే వేశాను. మెరకకి ఆరు, మిగతావాటికి తలా ఒకటి.

బయట జీపు ఆగిన చప్పుడైంది. రాజ్‌కిరణ్ హిందీలో గబగబా ఏదో సర్దిచెబుతున్నాడు, సాబ్ గొంతు చిరాగ్గా ఉంది. అప్పుడు పరదా జరిగి మా మామగారు లోపలికి వచ్చారు. ఆయనా నేనూ అంత ఇరుకు చోట ఎప్పుడూ నిలబడలేదు. తలొంచుకుని పిక్కలు చేతిలో పోసి గోడకేసి తిరిగాను.

ఆయన మొదటి గిన్నె దగ్గర ఆగలేదు. రెండోదాని దగ్గరా ఆగలేదు. చెప్పుల చప్పుడు తిన్నగా నా వీపు వెనక్కి వచ్చింది. ఒక పిక్క పడింది. ఇంకోటి. ఆగి, ఇంకోటి. ఇప్పుడు పక్క గిన్నెకి వెళతారు, ఇప్పుడు వెళతారు అనుకుంటూనే ఉన్నాను. పదీ అందులోనే పడ్డాయి. నాలుగు గిన్నెల్ని ఉత్తిగా వదిలేశారు మా మామగారు. గోడ మీద సున్నం నాకు మసగ్గా కనపడింది. ఆయన ఎంత మెల్లిగా వచ్చారో అంత మెల్లిగా వెళ్ళిపోయారు.

పిక్కలు అరుగు మీద అందరి ముందూ కుప్పలు పోసి లెక్కపెట్టారు. పనికి పదికి మూడు చొప్పున పడ్డాయి. మెరక కుప్ప అన్నిటికంటే పెద్దది. ఉమ స్కేలు పట్టుకుని ఎడమకి నడిచింది, దారాల కూడలి దాటింది, మూడు దగ్గర ఆపింది. పచ్చ దారం పైన, ఎరుపు దానికి బాగా కింద. సాబ్ టీ గ్లాసు పట్టుకుని కాసేపు చూసి, ఇదేంటని హిందీలో అడిగాడు. ఉమ చెప్పింది. ఆయన స్కేలు తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ జరిపి చూసి, "ఠీక్ హై, గమ్హరియా లిఖో" అన్నాడు. రాజ్‌కిరణ్ కాగితం మార్చి రాశాడు. మామగారు సంతకం పెట్టారు.

జనం చెదిరాక ఉమని పక్కకి పిలిచాను. "ఒసే, ఒక్క ఇంటోలు పదీ ఒకే గిన్నెలో ఏసేసినారనుకో. దానివల్ల ఇటు తిరిగిపోయిందేటి?"

అది నా మొహంలోకి చూసింది గాని ఎవరని అడగలేదు. ఫోనులో ఏవో నొక్కి, "ఉంచినా తీసేసినా అంతే అత్తా. ఏ ఒక్క ఇల్లు తీసేసినా పచ్చదే పైన. ఈసారి వెంట్రుకంత కూడా కదల్దు" అంది.

ఇత్తడి గిన్నె కడిగి మామగారి గుమ్మంలోకి వెళ్ళాను. ఆయన చొక్కా విప్పి అరుగు మీద కూర్చున్నారు. లోపల అత్తగారు ఏదో అడుగుతోంది, మాట సరిగ్గా తిరగడం లేదు. ఆయన నా చేతిలో గిన్నె చూసి చూపు దించుకున్నారు.

"ఇన్నావేటమ్మా?"

"గోడకేసి తిరిగున్నాను మావా."

"ఇన్నావు" అన్నారు. "మీ అత్తతో సెప్పకు. నలభై ఇళ్ళ పెద్దని, ఒక్క మడిసి కోసం అందరి బతుకూ తిప్పేసినాను. రేపు ఆళ్ళు రెండేసి ఆటోలు మారి పన్లోకొత్తంటే ఏ మొకం పెట్టుకు సూడాల నాను?" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి.

"నువ్వు తిప్పలేదు మావా. ఉమ లెక్కేసింది. నీ పదీ తీసేసినా ఆళ్ళు అక్కడికే ఎల్తారు. ఆళ్ళది ఆళ్ళేసుకున్నారు."

ఆయన తలెత్తారు. "తీసేసినా?"

"తీసేసినా. అరపిక్క తేడా కూడా రాదు."

మామగారు చెయ్యి చాచి గిన్నె తీసుకున్నారు. తడి పంచె కొంగుతో తుడిచి, పొయ్యి మీద జావ అందులో వంపుకుని లోపలికి వెళ్ళారు.

"ఎక్కడికంట?" అని అత్తగారు అడగడం వినపడింది.

"గమ్హరియా. మెరకలే, నోరు తెరు" అన్నారాయన.